ఇంటికి రోజూ ఫోన్ చెయ్యకండి

కువైట్‌లో అహ్మదీ వైపు పనికి వచ్చిన మనవాళ్లకు, రేపోమాపో రాబోయేవాళ్లకు ఈ సలహాలు. వీటిని మీ అమ్మ ఒప్పుకోదు, మీ ఆవిడ అసలే ఒప్పుకోదు. మీకంటే ముందు విమానం ఎక్కినవాళ్లు చెప్పే మాటలకు ఇవి అడ్డంగా ఉంటాయి. తప్పుడు సలహాలు అనిపిస్తే అనిపించనివ్వండి. అందరూ చెప్పే మంచి సలహాల ప్రకారం నడిచిన గదులు ఎలా తయారయ్యాయో ఇక్కడి మంగాఫ్‌లో చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మొదటి సలహా పైనే ఉంది. రోజూ ఫోన్ వద్దు, వారానికి రెండుసార్లు చాలు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు. వాళ్ల సంగతి వేరు, వాళ్లకు చెప్పాల్సింది దీనికి సరిగ్గా ఎదురు. అది చివర్లో చెబుతాను.

ముందు మనం ఉండే చోటు సంగతి. అహ్మదీ ఊరు చమురు కోసం పుట్టింది. 1946లో కువైట్ మొదటిసారి ముడిచమురు ఓడకెక్కించింది. ఆ రోజుల్లోనే ఆయిల్ కంపెనీ తన ఉద్యోగుల కోసం ఈ ఊరు కట్టుకుని, అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరు పెట్టింది. చెట్లూ తోటలూ వరస బంగళాలూ ఉన్న ఆ ఊళ్లో మనవాళ్లు తక్కువ. అదే గవర్నరేట్‌లో సముద్రం వైపు ఉన్న మంగాఫ్, మహబూలా, అబూ హలీఫా, ఫహాహీల్ అపార్ట్‌మెంట్లలో కనిపిస్తారు కడపవాళ్లు, రాయచోటివాళ్లు, రాజంపేటవాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు, శ్రీకాకుళంవాళ్లు.

అలాంటి ఒక గది తలుపు రాత్రి తొమ్మిదింటికి తియ్యండి. కింద మూడు, పైన మూడు, మొత్తం ఆరు మంచాలు. ప్రతి మంచానికీ దుప్పటితోనో లుంగీతోనో ఒక తెర. తెర లోపల నీలం వెలుగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అన్నం గిన్నె నేల మీద ఉంటుంది. ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు దిగి వచ్చి, పెట్టుకుని, కంచం మంచం మీదకే తీసుకుపోతారు. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది, ప్లగ్గు మంచం దగ్గర ఉంటుంది, అందుకని. ఒకే గిన్నెలో అన్నం తినే ఆరుగురు ఒకరి ముఖం ఒకరు చూడకుండా పడుకుంటారు.

తెర వెనక ఏం నడుస్తోందో కూడా వినండి. "తింటివా?" "తింటి." "ఏం కూర?" "పప్పే." "పిల్లోడు యాడ?" "ట్యూషన్‌కు పోయినాడు." "ఊ." "ఊ." "ఇంగేం?" ఈ ఇంగేం దగ్గర మాట ఆగిపోతుంది, కాల్ మాత్రం ఆగదు. అవతల ఆమె ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి తన పని తాను చేసుకుంటుంది. ఇవతల ఇతను ఆమె వీపు చూస్తూ పడుకుంటాడు. ఇదంతా ప్రేమే. ప్రేమ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ రోజూ ఇదే అయితే, చెప్పడానికి ఏమీ మిగలనంత తరచుగా కలుసుకున్నట్టు ఉంటుంది తప్ప, నిజంగా కలుసుకున్నట్టు ఉండదు.

ఇంకో సంగతి. మన గడియారం ఇంటి గడియారానికి రెండున్నర గంటలు వెనక. ఇక్కడ డ్యూటీ అయ్యి, స్నానం చేసి, పదింటికి ఫోన్ పడితే అక్కడ పన్నెండున్నర. ఆమె పొద్దున అయిదింటికి లేచి పాలు పితకాలి, పిల్లల్ని బడికి పంపాలి. మీ వీడియో కాల్ ఆమె నిద్రలోంచి పోతోంది. శుక్రవారం సెలవు దొరికేవాళ్లు ఆ రోజు పొద్దున ఏడింటికి చేస్తే అక్కడ తొమ్మిదిన్నర, పనులు ఒక కొలిక్కి వచ్చి ఉంటాయి. ఆ ఒక్క కాల్ ఆరు రాత్రుల కాల్స్‌తో సమానం.

రోజూ చేసే కాల్ మెల్లగా హాజరు పట్టీ అయిపోతుంది, అది అన్నిటికన్నా చెడ్డ సంగతి. "నీ ఫోన్ బిజీ వచ్చె, ఎవరితో మాట్లాడతాండావు?" "పదకొండుకు ఆన్‌లైన్‌లో ఉన్నావే, నాకెందుకు చెయ్యలే?" ఈ రెండు ప్రశ్నలతో పాడైన కాపురాలు కువైట్ మనవాళ్లలో కావలసినన్ని ఉన్నాయి. వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ఎన్నింటికి వాట్సాప్ తెరిచిందో తెలియడం వల్ల ఏ మొగుడికీ ఏ పెళ్లానికీ మేలు జరగలేదు. కాబట్టి ఇద్దరూ మాట్లాడుకుని, ఒకే రోజు ఒకేసారి లాస్ట్ సీన్ తీసేయండి. ఒకరు మాత్రమే తీసేస్తే అదే మళ్లీ గొడవ.

వీడియో కూడా వద్దంటాను. గొంతు చాలు. ముఖం కనిపిస్తుంటే మీరు నవ్వాలి, ఆమె బొట్టు సరిచేసుకోవాలి, పిల్లాణ్ణి లాక్కొచ్చి "నాన్నకు హాయ్ చెప్పు" అనాలి. వాడు చెప్పి పారిపోతాడు. ఫోన్ చెవికి పెట్టుకున్న పిల్లాడు అయితే కాసేపు నిలబడి, బడిలో ఎవరు ఎవర్ని కొట్టారో చెబుతాడు. ముసలి తల్లిదండ్రులకు మరీ గొంతే మేలు. మీ అమ్మకు ఆ చిన్న తెరలో మీ ముఖం చిక్కిపోయినట్టే కనిపిస్తుంది, ఎంత బలిసినా సరే. కాల్ పెట్టేశాక ఆమె దాన్నే తలుచుకుంటూ కూర్చుంటుంది.

వీలైతే కాల్ బదులు మాట రికార్డు చేసి పంపండి. గల్ఫ్‌కు మనవాళ్ల రాక మొదలైన 1970లు, 80ల కాలంలో క్యాసెట్లో మాట్లాడి, ఊరెళ్తున్నవాళ్ల చేతికి ఇచ్చేవారు. ఇంట్లో టేప్ రికార్డర్ చుట్టూ అందరూ కూర్చుని వినేవారు. మాట్లాడేవాడు ముందే ఆలోచించుకుని మాట్లాడేవాడు: అమ్మకేం చెప్పాలి, తమ్ముడి చదువు గురించి ఏం చెప్పాలి, అప్పు ఎంతవరకు వచ్చింది. ఈ రోజు ఆ క్యాసెట్ మీ జేబులోనే ఉంది, ఖర్చు లేదు, ఎవరి సంచిలోనూ పంపనక్కర్లేదు. వారానికి ఒకసారి, పావుగంట, ఎవరూ మధ్యలో అడ్డం రాకుండా మాట్లాడి పంపండి. వాళ్లనూ అలాగే పంపమనండి. మీ నాన్న ఫోన్లో మాట్లాడేటప్పుడు "సరే నాయనా, పైసలు అయితాయి, పెట్టేస్తా" అని తొందరపడతాడు. అదే మనిషి ఒంటరిగా రికార్డుకు కూర్చుంటే చేను సంగతీ, వాన సంగతీ, మోకాళ్ల సంగతీ అన్నీ చెబుతాడు. ఆ రికార్డులు చెరపకండి. ఫోన్ నిండిపోతే సినిమాలు తీసేయండి.

ఇక ఎవరూ ఒప్పుకోని సలహా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేసి, స్పీకర్ పెట్టి, గది మధ్యలో కూర్చుని మాట్లాడండి. మొగుడూ పెళ్లాల మాటలు కొన్ని ఉంటాయి, వాటికి మేడ మీదకు వెళ్లండి. మిగతావన్నీ నలుగురిలోనే. మీ అమ్మ "పక్కన ఎవరు నాయనా?" అని అడగాలి. పై మంచం సోంపేట అబ్బాయి "నేనమ్మా, బాగున్నావా?" అనాలి. నాలుగుసార్లు అలా జరిగితే మీ అమ్మకు అతను తెలుస్తాడు, అతని తల్లికి మీరు తెలుస్తారు. "అబ్బోడికి జొరం తగ్గిందా?" అని మీ అమ్మ అతని గురించి మిమ్మల్ని అడిగిన రోజున ఆ గది గది అవుతుంది.

ఇది ఊరికే తీపి మాట అనుకోకండి. ఫోన్ లేనిచోట మనుషులు ఎలా ఉంటారో ఇదే అహ్మదీలో రోజూ కనిపిస్తుంది. రిఫైనరీల్లో గ్యాస్ ఉండే చోటికి మామూలు ఫోన్లు పట్టుకుపోనివ్వరు, నిప్పురవ్వ భయం. మీనా అల్ అహ్మదీలోనో మీనా అబ్దుల్లాలోనో షట్‌డౌన్ పనికి వెళ్లిన వెల్డర్లను, స్కాఫోల్డింగ్ వాళ్లను అడగండి. లోపల టీ తాగే పది నిమిషాల్లో చేతిలో కప్పు తప్ప ఏమీ ఉండదు. ఎవరి కూతురి పెళ్లి ఎప్పుడు, ఎవరికి మోటారు కాలిపోయింది, ఎవరి ఆకామా (ఇక్కడ ఉండే అనుమతి) రెన్యువల్ ఆగింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. అదే మనుషులు సాయంత్రం గేటు దాటి, ఫోన్ తీసుకుని, కంపెనీ బస్సెక్కాక పక్కపక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోరు. మనుషులు మారలేదు, ఫోన్ చేతికొచ్చింది, అంతే తేడా.

పక్క మంచం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మంగాఫ్‌ను మించిన ఉదాహరణ అక్కర్లేదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడ కార్మికులు ఉండే అపార్ట్‌మెంటులో మంటలు లేచాయి. దాదాపు యాభై మంది పోయారు, చాలామంది నిద్రలోనే, పొగకు ఊపిరాడక. పోయినవాళ్లలో ఎక్కువమంది మనదేశంవాళ్లు, ముగ్గురు ఆంధ్రావాళ్లు. జూన్ 14న వాయుసేన విమానం 45 మంది మృతదేహాలను కొచ్చికి తెచ్చింది. ఆ మధ్యలో ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించనక్కర్లేదు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు: ఫోన్ చేస్తారు, మోగుతుంది, ఎత్తరు, మళ్లీ చేస్తారు.

అందుకని ఈ రాత్రే ఒక పని చెయ్యండి. మీ గదిలో ఉన్న ప్రతివాడి ఇంటి నంబరు, ఊరు, తండ్రి పేరు ఒక కాగితం మీద రాయించి, దాని నకలు అందరూ దగ్గర పెట్టుకోండి. ఒక నకలు మీ ఇంటికీ పంపండి. మీ వాళ్లకు మీ నంబరు ఒక్కటే తెలిసి ఉంటే, అది ఎత్తనప్పుడు ఇంకో దారి లేదు. మీ పక్కవాడి నంబరు, వాచ్‌మన్ నంబరు, ఫోర్‌మన్ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి. మనవాళ్లలో సంవత్సరాల తరబడి ఒకే గదిలో ఉంటూ పక్కవాణ్ణి "అన్నా" అని తప్ప ఇంటిపేరుతో ఎరగనివాళ్లు ఉన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఈ అవసరం కొత్తది కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చినప్పుడు అంతర్జాతీయ ఫోన్లు తెగిపోయాయి. తర్వాతి వారాల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు, ఎక్కువమంది జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా, ఎయిరిండియా విమానాల్లో ఇళ్లకు చేరారు. ఫోన్ లేని ఆ వారాల్లో ముందు చేరినవాడి నోటి మాటే వెనక ఉన్నవాడి ఇంటికి కబురు. పక్కవాడి ఊరూ పేరూ తెలిసి ఉంటేనే ఆ కబురు చేరుతుంది.

చావు కబురు ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా వస్తుంది. తండ్రి పోతాడు. సెలవు దొరకదు, లేదా దొరికినా విమానం అందదు. తమ్ముడు ఫోన్ పట్టుకుని పాడె పక్కన నడుస్తూ వీడియో కాల్ పెడతాడు. కొడుకు ఇక్కడ తెర వేసుకుని, దుప్పటి నోట్లో కుక్కుకుని చూస్తాడు. వద్దు. దాన్ని ఒంటరిగా చూడకండి. గదిలో లైటు వేయించండి, ఫోన్ గోడకు ఆనించండి, అందరినీ కూర్చోమనండి. పొద్దున అయిదింటికి డ్యూటీ ఉన్నవాణ్ణి కూడా లేపండి, మొహమాటపడకండి. మిగతా అయిదుగురికీ ఒక మాట: ఆ రోజు అతని చేత పొయ్యి ముట్టించవద్దు. మన ఊళ్లల్లో చావింటికి పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. ఇక్కడ పక్కిల్లు మీరే. నీళ్లు తోడిపెట్టి స్నానం చేయించండి, రెండు ముద్దలు తినిపించండి. మూడో రోజున, పదకొండో రోజున గుర్తుపెట్టుకుని అడగండి.

ఫొటోల గురించి కాస్త కటువుగానే చెబుతాను. ఫహాహీల్‌లో కూత్ మాల్ ముందు, ఎవరిదో పెద్ద బండికి ఆనుకుని దిగిన ఫొటో పంపడం మానండి. ఆ ఒక్క ఫొటో వల్ల బావమరిది మోటారు సైకిల్ అడుగుతాడు, చిన్నాన్న చీటీకి పూచీ అడుగుతాడు, చెల్లెలి కట్నం ఇంకో రెండు లక్షలు పెరుగుతుంది. మీరు ఎంత పంపినా అది దాచుకుని పంపినట్టే కనిపిస్తుంది. మీ మంచం ఫొటో పంపండి. జూన్ ఎండలో పని చేసి వచ్చాక మీ చేతులు ఎలా ఉన్నాయో ఆ ఫొటో పంపండి. జీతం చీటీ పంపండి. "ఇంట్లోవాళ్లు బాధపడతారు" అంటారు. పడనివ్వండి. మీ బాధ తెలియని మనిషి మీకు ఎలా దగ్గరవుతుంది? రోజూ నవ్వు ముఖంతో "బాగుండా, బాగుండా" అని చెప్పి చెప్పి, చివరికి సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు మొగుడూ పెళ్లాం కొత్తవాళ్లలా కూర్చునేది అందుకే.

డ్రైవర్ అన్నలకు చిన్న మాట: ఇంటి నుంచి ఎంత ముఖ్యమైన ఫోన్ వచ్చినా బండి ఆపేదాకా ఎత్తకండి. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం నడుపుతూ ఫోన్ పట్టుకుంటే జరిమానా 75 దీనార్లు, మన డబ్బుల్లో ఇరవై వేలకు పైనే.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. సబాహియా, రిక్కా, హదియా, ఇంకా దక్షిణాన ఎడారిలో కట్టిన సబా అల్ అహ్మద్ ఊరు, ఆ విల్లాల్లో 20 నంబరు వీసా మీద వచ్చి కద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేస్తున్న అమ్మలకు, అక్కలకు. పైన చెప్పినదంతా మీరు వదిలెయ్యండి. మీకు పక్క మంచం లేదు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది మీరొక్కరే. మీకు ఫోనే పక్క మనిషి. అందుకని రోజూ ఫోన్ చెయ్యండి, చెప్పడానికి ఏమీ లేకపోయినా చెయ్యండి. మాట్లాడే తీరిక లేకపోతే ఒక్క "ఊ" రికార్డు చేసి పంపండి. ఆ "ఊ" రాని రోజున ఏదో జరిగిందని మీ ఇంటివాళ్లకు తెలియాలి.

ఫోన్ ఎంత విలువైనదో మిమ్మల్ని కట్టిపడెయ్యాలనుకునేవాళ్లకు మీకంటే బాగా తెలుసు. 2019 అక్టోబరులో బీబీసీ అరబిక్ విలేకరులు కువైట్‌లో కొనేవాళ్లలా వెళ్లి ఒక సంగతి బయటపెట్టారు. ఇంటి పని ఆడవాళ్లను యాప్‌లలో, ఇన్‌స్టాగ్రాంలో ఫొటో పెట్టి, ధర పెట్టి అప్పట్లో అమ్ముతుండేవారు. అలా అమ్మకానికి పెట్టినవాళ్లలో గినియా నుంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల కూడా ఉంది. అమ్మేవాళ్లు దాదాపు అందరూ ఇచ్చిన సలహా ఒకటే: పాస్‌పోర్టు తీసుకోండి, బయటకు పంపకండి, ఫోన్ ఇవ్వకండి లేదా చాలా తక్కువ ఇవ్వండి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు రోజుకు పన్నెండు గంటలు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవులు ఇచ్చింది, పాస్‌పోర్టు లాక్కోవడాన్ని తప్పుపట్టింది. ఆ చట్టం నాలుగు గోడల మధ్యకు రావాలంటే మీ మాట బయటకు రావాలి.

కాబట్టి ఏజెంటును జీతం ఎంత అని అడిగే ముందు, ఫోన్ నా దగ్గర ఉంచుకోనిస్తారా అని అడగండి. ఇంట్లో దిగిన మొదటి రోజే కొన్ని ఫొటోలు తీసి ఇంటికి పంపండి: పాస్‌పోర్టు, వీసా, తర్వాత వచ్చే సివిల్ ఐడీ. ఆ ఇంటి గోడ మీద ఒక పలక ఉంటుంది, అందులో పాసీ నంబరు అని అంకెలు ఉంటాయి. కువైట్‌లో ఆ అంకెలు ఉంటే ఏ ఇల్లయినా దొరుకుతుంది. ఎవరూ లేనప్పుడు ఆ పలక ఒక్కటే తియ్యండి. ఇంట్లో మనుషులవి, పిల్లలవి మాత్రం అనుమతి లేకుండా ఒక్క ఫొటో తియ్యకండి, అది ఇక్కడ నేరం, మీ మీదకే వస్తుంది.

నంబర్లు ఫోన్లో ఉన్నాయి కదా అని ఊరుకోకండి. కనీసం మూడు నంబర్లు బట్టీ పట్టండి: ఇంటిది, కువైట్‌లో మీకు తెలిసిన ఒక మనిషిది, అత్యవసరానికి 112. చదువు రాకపోతే అంకెలను పాటలా పాడుకుని గుర్తుపెట్టుకోండి. రాసుకోవడం వస్తే పెట్టెలో చీర మడతలో ఒకటి, నైటీ అంచు లోపల పెన్నుతో ఒకటి రాసుకోండి. ఫోన్ లాక్కున్నా అవి ఉంటాయి. ఇంటితో ఒక మాట ముందే అనుకుని రండి. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పక్కనే నిలబడి వింటున్నప్పుడు "పెద్దమ్మకు కళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగితే ఆపదలో ఉన్నానని అర్థం. మీ ఇంట్లో ఎవరికీ కళ్ల జబ్బు లేకుండా చూసుకుని ఆ మాట ఎంచుకోండి.

ఊళ్లో ఉన్న అన్నలకు, అమ్మలకు, భర్తలకు చివరిగా ఒక విన్నపం. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన మీ మనిషి నుంచి రెండు రోజులు ఏ కబురూ రాకపోతే "పండగ పనిలో ఉంటుందిలే" అని ఊరుకోకండి. మూడో రోజు పొద్దున్నే ఆ పాసీ నంబరు, పాస్‌పోర్టు ఫొటో పట్టుకుని కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చెయ్యండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. విదేశాల్లోని ఆంధ్రావాళ్ల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీ సొసైటీ వాళ్లకు చెప్పండి. ఏజెంటుకు అన్నిటికన్నా చివర చెప్పండి.